దొరసాని నాడి

రోజూ పొద్దున ఆరింటికి నా చెల్లెలి చెయ్యి ఒక నిమిషం పట్టుకోవడం నా ఉద్యోగంలో భాగంగా ఉండేది. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టి, పుస్తకంలో రాసేదాన్ని. ఆ ఒక్క నిమిషం అంటే నాకు ఒళ్ళుమంట. ఎందుకంటే ఆ మణికట్టులో కొట్టుకునేది మంజీర గుండె ఒక్కటే కాదు. నాలుగు మైళ్ళ అవతల, ఏటి గట్టున ఏ తుమ్మకొమ్మ మీదో పడుకున్న ఆడ చిరుత గుండె కూడా అందులో కలిసి నడిచేది. ఆ చిరుత నాది. కనీసం, నాది కావలసింది.

ముందు పేర్ల సంగతి చెప్పాలి. అసలు మంట అక్కడే మొదలైంది. మా నాన్న మెదక్ దగ్గర కరెంటు ఆఫీసులో లైన్‌మన్. నేను పుట్టినప్పుడు ఆలోచనే లేకుండా వాళ్ళమ్మ పేరు తెచ్చి నాకు తగిలించాడు, నర్సమ్మ అని. ఎనిమిదేళ్ళ తర్వాత చెల్లెలు పుడితే మాత్రం మూడు రోజులు ఆలోచించి మా ఏరు పేరు పెట్టాడు. ఇంజనీరింగులో చేరేటప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగి నేను నర్మదగా మారాను. మంజీర కంటే పెద్ద నది కావాలని వెతికి మరీ పెట్టుకున్న పేరు అది. ఇంట్లో ఎవరూ అలా పిలవలేదు.

నేను కిందామీదా పడి నేర్చుకున్నవన్నీ మంజీరకు తేరగా వచ్చేవి. నేను మోకాళ్ళు పగలగొట్టుకుని సైకిలు నేర్చుకుంటే, తను ఒక మధ్యాహ్నం ఎక్కి తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. నాకు అయిదేళ్ళు పట్టిన వీణ తను పక్కగదిలో పూలు గుచ్చుకుంటూ విని పట్టేసింది. ఇంకా దారుణం ఏమిటంటే, ఇందులో దేని గురించీ తనకు గర్వం లేదు. గర్వం ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది.

ఇక చిరుత సంగతి. జాంబియాలో ముసెంబా అనే అభయారణ్యం ఉంది. అక్కడి చిరుతలను ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి, ఏది ఎక్కడ తిరుగుతోందో కనిపెట్టి ఉండాలి. పాత పద్ధతిలో మెడకు రేడియో పట్టీ కట్టేవారు. వేటగాళ్ళు ఆ రేడియోనే వినడం నేర్చుకుని, మనకంటే ముందే వెళ్ళి తోలు ఒలుచుకుపోవడం మొదలుపెట్టారు. అందుకని హైదరాబాదు ప్రయోగశాలలో ఆరేళ్ళు కూర్చుని నేను గుండెపూస తయారుచేశాను. జొన్నగింజంత ఉంటుంది. మాంసంలో దాచిపెడితే చిరుత మింగుతుంది, అది కడుపు లోపలి గోడకు అతుక్కుని ఆ జంతువు గుండెనూ ఊపిరినీ ఉన్న దిక్కునూ పలుకుతూ ఉంటుంది. ఆ పలుకు ఏ యంత్రానికీ అందదు. మనిషి మెడ ఎముక కింద, చర్మంలో పెట్టిన జత బిళ్ళకు మాత్రమే అందుతుంది. పలుకు అందిన మరుక్షణం బిళ్ళలోంచి సన్నని పోగులు మొలిచి నరాల్లోకి పాకుతాయి. ఆ తర్వాత ఆ చిరుత ఎక్కడుందో ఆ మనిషికి తన కాలు ఎక్కడుందో తెలిసినంత సులువుగా తెలుస్తుంది. ఒక పూసకు ఒకే మనిషి. వేటగాడు దొంగిలించడానికి గాలిలో ఏమీ ఉండదు.

ఒక నియమం ఉంది, అది రాసిందీ నేనే. పూస పలుకు రెండు వారాలు ఆగితే పోగులు ఎండిపోతాయి. ఎండినవి ఆ ఒంట్లో మళ్ళీ మొలవవు. ఈ సంగతి నాకు బాగా తెలుసునని మీరూ గుర్తుపెట్టుకోండి.

ముసెంబాలో నాకు తోడుగా ఫిరి ఉండేవాడు. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్ళుగా అడుగుజాడలు చదివి బతికినవాడు. చిరుతలకు ఆయన పేర్లు పెట్టడు, చుక్కలు పెడతాడు. ప్రతి చిరుతకూ మీసాల వరుసకు పైన, ముక్కుకు అటూ ఇటూ కొన్ని చుక్కలుంటాయి. ముందు చిరుత కుడి చెంపవి, తర్వాత ఎడమ చెంపవి. కుడివైపు నాలుగు, ఎడమవైపు మూడు ఉంటే అది నాలుగు-మూడు. మా బస పక్క ఏటికి ఇవతలి గట్టు దాని ఇలాకా. అవతలి గట్టు దాని తోడబుట్టిన మూడు-నాలుగుది. ఒక తల్లి పిల్లలే అయినా ఒకదాని హద్దులోకి ఇంకొకటి రాదని ఫిరి చెప్పాడు. ఎంత బుద్ధిగల జంతువులో అనుకున్నాను.

మొదటి పూస నాలుగు-మూడు మింగింది. జత బిళ్ళ నా చర్మంలో ఉంది. మూడు నెలలు ఎదురుచూశాను. కూర్చుని విన్నాను, పడుకుని విన్నాను, మందులు మానేసి, కాఫీ మానేసి విన్నాను. ఏమీ లేదు. పోగులు మొలవనే లేదు. నా ఒళ్ళు బండరాయి. నేను చేసిన పరికరానికి నేనే చెవిటిదాన్ని.

ఆ రోజుల్లోనే మంజీర వచ్చింది. సంగారెడ్డిలో పెట్టుకున్న బట్టల దుకాణం మూసేసి, ఏనుగులను చూసిపోతానని రెండు నెలలకు వచ్చింది. బసలో వంటింటి పెత్తనం తీసుకుని ఫిరికి పచ్చిపులుసు అలవాటు చేసింది. నేను బిళ్ళ తీయించుకుని, పని మూసేస్తున్నామని హైదరాబాదుకు ఉత్తరం రాస్తుంటే, పెనానికి సర్వపిండి అద్దుతూ, పారేసేముందు నాకొకసారి పెట్టి చూడరాదా అంది. బొట్టుబిళ్ళ మార్చినంత తేలికగా అంది. కాదనడానికి నాకు కారణం దొరకలేదు. ఆ పూసకే కొత్త బిళ్ళ జతచేసి తనకు పెట్టాను.

నాలుగో రోజు పొద్దున పిండి ముద్ద మీద చేతులు ఉంచి మంజీర కదలకుండా నిలబడింది.

"అక్కా, ఎవరో లేస్తున్నరు."

ఎక్కడ అని అడిగాను. పిండి చేత్తోనే తన గుండె చూపించింది. తర్వాత అదే చేత్తో కిటికీలోంచి ఈశాన్యం వైపు చూపించింది. ఫిరి వెళ్ళి చూస్తే సరిగ్గా ఆ దిక్కున, మైలున్నర అవతల, నాలుగు-మూడు కొమ్మ మీద ఒళ్ళు విరుచుకుంటోంది. నేను మంజీరను కౌగిలించుకుని ఏడ్చాను. సంతోషంతో అనుకున్నారు అందరూ. నేనూ కొంతసేపు అలాగే అనుకున్నాను.

రెండు నెలలకు వచ్చింది ఏడాదిన్నర ఉండిపోయింది. చిరుతకు దొరసాని అని పేరు పెట్టింది. ఎవరినీ లెక్కచేయని ఆ నడకకు అంతకంటే తగిన పేరు లేదని ఒప్పుకోవాల్సి రావడం నాకు మరో మంట. దొరసానికి ఆకలేస్తే మంజీర కంచం ముందు చిరాకుపడేది. దొరసాని ఎండలో కునుకుతీస్తే మాట మధ్యలో మంజీర కళ్ళు మూతలుపడేవి. వేటగాళ్ళు ఉరితీగలు పన్నిన చోట్లవైపు చిరుత కదలగానే తను చెప్పేది, ఫిరి పరుగున వెళ్ళి తీగలు పీకేసేవాడు. దేశదేశాల నుంచి పత్రికలవాళ్ళు వచ్చి చిరుత గుండె వినే స్త్రీ అని రాశారు. ఫోటోల్లో నేనూ ఉన్నాను, పక్కన, చేతిలో మణికట్టుతో. ఒక పత్రిక నన్ను నర్సు అని రాసింది.

నేను అడిగేదాన్ని, లోపల ఎలా ఉంటుందని. శాస్త్రానికి కావాలి కదా అనేదాన్ని. మంజీర కొంచెంసేపు ఆలోచించి, చెప్పనికి రాదక్కా అనేది. మూడు వేళ్ళ కింద ఆ నాడి నెమ్మదిగా, బరువుగా, మనిషిది కాని తీరులో అడుగులు వేస్తుండేది. నా ఆరేళ్ళ కష్టం ఇంకొకరి చర్మం కింద నడుస్తుంటే బయటనుంచి తడిమి చూసుకోవడం. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటే ఏమిటో రోజూ ఆరింటికి తెలిసేది నాకు.

అందుకని రెండో పూస చేశాను. ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ళు పూర్తయ్యేదాకా ఒక్క మనిషి చాలని పైవాళ్ళ ఆజ్ఞ ఉంది, నిజమే. కానీ చెప్పకపోవడానికి అసలు కారణం, మళ్ళీ నాకు వినపడకపోతే మంజీర జాలిపడుతుందని. కొత్త పూస పలుకును పాతదానికి అయిదింతలు గట్టిగా చేశాను. నాలాంటి బండదానికి కూడా వినపడాలని. బిళ్ళను నాకు నేనే, అద్దం ముందు నిలబడి, సూదితో పెట్టుకున్నాను.

అది మూడు-నాలుగు కోసం. మంజీరకు ఈ గట్టు చిరుత, నాకు ఆ గట్టు చిరుత. ఇందులో దొంగతనం ఏముంది? అవతలి గట్టున ఒక తుమ్మచెట్టుకు ఇంపాలా జింక తొడ కట్టి, లోపల పూస పెట్టి, ఎదురుగా కెమెరా బిగించి వచ్చాను. మర్నాడు వెళ్ళి చూస్తే తొడ సగం తినేసి ఉంది, పూస పెట్టిన సగమే. ఫోటోలో చిరుత ముఖానికి మాంసం అడ్డుపడింది. కానీ చెట్టు కింద వాన నీటి మడుగులో దాని ముఖం నీడ అద్దంలో పడ్డట్టు స్పష్టంగా ఉంది. ఫోటోను తలకిందులు చేసి ఆ నీడలో చుక్కలు లెక్కపెట్టాను. కుడివైపు మూడు, ఎడమవైపు నాలుగు. ఆ ఫోటోను నా సొంత పుస్తకంలో అంటించుకున్నాను.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి మేజా ముందు కూర్చుని తీగ అతుకుతుంటే, నాకు తోక ఉన్నట్టు తెలిసింది.

నవ్వకండి. కుర్చీ వెనక్కి, నేల దాకా, కొసన కొంచెం వంకర తిరిగి ఉన్న తోక. తర్వాత ఛాతీ కింద ఇంకో గుండె, తొందర అన్నది ఎరగని గుండె. నా గుండె రెండు మూడు సార్లు తడబడి, చెయ్యి పట్టుకుని నడిచే పిల్లలాగా దాని అడుగులో అడుగు వేసింది. నలభై నాలుగేళ్ళలో నా ఒంట్లో ఎప్పుడూ ఏదీ అంత నెమ్మదిగా ఉండలేదు. మేజా మీద తల పెట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాను. నాకు ఎవరి మీదా కోపం లేదు. మంజీర మీద కూడా లేదు. ఆ సాయంత్రం తనకు నేనే టీ పెట్టి ఇచ్చాను.

మర్నాడు ఆరింటికి మణికట్టు పట్టుకుంటే మంజీర ముఖం పాలిపోయి ఉంది.

"ఇగ నాకేం ఇనవడ్తలేదక్కా."

వేళ్ళ కింద నాడి చలాకీగా, మామూలుగా కొట్టుకుంటోంది. ఒట్టి మనిషి నాడి. పాత పూస అరిగిపోయి ఉంటుందని, పరీక్షించి చూస్తానని చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతులో బాధ ఉంది, కావాలంటే ఒట్టేస్తాను. కానీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాక అద్దంలో చూసుకుంటే నా పెదవులు నవ్వుతున్నాయి. ఏడాదిన్నర తర్వాత తను చెవిటిది, నాకు వినపడుతోంది. పరీక్ష రేపు చేద్దాం అనుకున్నాను. ఆ రేపును ఆరు రోజులు జరిపాను.

పదో రోజు ఫిరి ఏదో అడగడానికి నా గదికి వచ్చి, మేజా మీద తెరిచి ఉన్న పుస్తకంలో ఆ ఫోటో చూశాడు. మడుగులో నీడను ఎందుకు ఫోటో తీశావని నవ్వాడు. నాలుగు-మూడు ఏరు దాటి అవతలికి ఎందుకు వెళ్ళిందో, మాంసం వాసన అంత గట్టిగా లాగిందేమో అన్నాడు. ఇది మూడు-నాలుగు కదా అన్నాను. ఆయన ఫోటో పక్కన వేలు పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. నీళ్ళలో నీడ కదా, తిప్పి చూస్తే కుడి ఎడమైపోతుంది.

అద్దంలో చూసుకుని పాపిట తీసుకునే ప్రతి ఆడదానికీ తెలిసిన సంగతి. పది రోజుల కిందటే అద్దం ముందు నిలబడి బిళ్ళ పెట్టుకున్నదాన్ని, నాకు తట్టలేదు. తట్టలేదో, తట్టనివ్వలేదో.

ఫిరి వెళ్ళిపోయాక అంతా విడిపోయిన ముడిలాగా ఎదురుగా పరుచుకుంది. నా పూస మింగింది దొరసాని. ఒకే కడుపులో రెండు పూసలు, గట్టిది మెల్లనిదాన్ని నోరు మూయించింది. నేను వింటున్నది మంజీర చిరుత గుండె. తన ఒంట్లో పోగులు అప్పటికే ఆరు రోజులుగా ఆకలితో ఉన్నాయి. నా పెట్టెలో ఒక మీట ఉంది, అది నొక్కితే నా పూస శాశ్వతంగా మూగబోతుంది, మంజీర మళ్ళీ వింటుంది. ఇంకా ఎనిమిది రోజులు ఉన్నాయి.

ఎనిమిది రోజులు ఎన్నో అనిపించాయి. ఇవాళ దొరసాని వేటకు వెళ్తోంది, ఈ ఒక్క వేట చూసి రేపు నొక్కుతాను. ఇవాళ వానలో తడిసి చెట్టెక్కింది, ఒళ్ళు ఆరనివ్వు. ఇలాగే నడిచాయి. రోజూ ఆరింటికి మంజీర ఆశగా చెయ్యి చాపేది, ఏమన్నా ఉందా అని కళ్ళతో అడిగేది. నేను నిమిషమూ లెక్కపెట్టి, లేదని తల ఊపేదాన్ని. చివరి రోజు సాయంత్రం మీట చేతిలో పట్టుకుని తన గది గుమ్మం దాకా వెళ్ళాను. లోపల మంజీర బట్టలు మడతపెట్టుకుంటూ ఏదో పాట తీస్తోంది. ఏమీ వినపడని మనిషి కూడా అంత హాయిగా పాడుతుంటే నాకు చెప్పలేని కడుపుమంట వచ్చింది. తనకు ఇది పోయినా ఇంకోటి ఉంటుంది, పాటుంటుంది, నాన్న ముద్దుంటుంది. నాకు ఇదొక్కటే. వెనక్కి వచ్చి మీటను పెట్టె అడుగున పెట్టేశాను.

ఆ తర్వాత అయిదు రోజులకు, పొద్దున ఫలహారం దగ్గర, నా కుడి మణికట్టును ఎవరో తీగతో బిగించినట్టయింది. టీ గ్లాసు చేతిలోంచి జారి పగిలింది. నొప్పి కంటే ముందు వచ్చింది భయం. మాటలు రాని భయం, నాలుగు కాళ్ళతో నేలను తన్నుకునే భయం. ఉరి. దొరసాని ఉరితీగలో పడింది.

ఎక్కడ పడిందో నాకు తెలుసు. పాత ఇటుకబట్టీ వెనక, దక్షిణాన, రెండున్నర మైళ్ళు. మంజీర గాజుముక్కలు ఏరుతూ, చెయ్యి తెగిందేమోనని నా వేళ్ళు తిప్పి తిప్పి చూస్తోంది. చెప్పాలి. కానీ ఎలా తెలిసిందని చెప్పాలి? గదిలోకి వెళ్ళి, మణికట్టు ఎడమచేత్తో నొక్కి పట్టుకుని, అబద్ధం వెతుక్కున్నాను. అవతల తీగ బిగుస్తూనే ఉంది. తగిన అబద్ధం దొరకడానికి అరగంట పట్టింది. ఆ అరగంట ఎప్పటికీ నా ఖాతాలోంచి పోదు.

పాత పూస ఒక్క క్షణం పలికిందనీ, నా యంత్రంలో దిక్కు పడిందనీ చెప్పాను. ఏ యంత్రానికీ ఆ పలుకు అందదని మంజీరకు గుర్తురాలేదు. గుర్తొచ్చినా అక్క అబద్ధమాడుతుందని అనుకునే మనిషి కాదు. పశువుల డాక్టరు తెంబో, ఫిరి, మేమిద్దరం జీపులో బయలుదేరాం. తెంబో మా అభయారణ్యంలో జంతువులన్నిటికీ ఒక్కతే డాక్టరు, మితభాషి. దారి నేను చెబుతుంటే ఫిరి నావైపు ఒకటి రెండుసార్లు చూశాడు. యంత్రం బసలోనే ఉండిపోయిన సంగతి ఆయన గమనించినట్టున్నాడు.

దొరసాని ఇటుకబట్టీ వెనక పొదలో ఉంది. ముందు కుడికాలు తీగలో ఎముక దాకా దిగి ఉంది. మమ్మల్ని చూసి పళ్ళు బయటపెట్టింది, కానీ లేవలేదు. మంజీర జీపు దిగి రెండు అడుగులు వేసి ఆగిపోయింది. కుడిచెంప మీద నాలుగు చుక్కలు, ఎడమచెంప మీద మూడు. ఇంత దగ్గర నిలబడి, ఏమీ తెలియకుండా చూడడం తనకు అదే మొదటిసారి.

తెంబో తుపాకీలో మత్తుసూది పెట్టి గురిచూసింది. అప్పుడు తట్టింది నాకు, ఆరేళ్ళు దీని మీద బతికినదానికి ముందే తట్టవలసింది. ఆగమని అనబోయాను. సూది దొరసాని భుజానికి తగిలింది. నా భుజం చురుక్కుమంది. నాలుక మందమైంది, మోకాళ్ళు వదిలేశాయి, నేను అడవిగడ్డిలో పక్కకు ఒరిగిపోయాను.

పూర్తిగా మత్తులో పడలేదు. కళ్ళు తెరవలేకపోయినా అన్నీ వినపడుతున్నాయి. మంజీర పరుగెత్తుకొచ్చి నా తల ఒళ్ళో పెట్టుకుంది. వడదెబ్బ అనుకుని ఫిరి నీళ్ళకు పరుగెత్తాడు. మంజీర మాత్రం నా మణికట్టు పట్టుకుంది. ఏడాదిన్నర రోజూ నేను పట్టుకుంటుంటే చూసిన తీరులోనే, మూడు వేళ్ళతో. అవతల తెంబో దొరసాని నాడి చూస్తూ అంకెలు పైకి చెబుతోంది. యాభై. నలభై ఎనిమిది. నలభై అయిదు. నా మణికట్టు మీద వేళ్ళు ఆ అంకెలతో పాటే బిగుసుకుంటూ వచ్చాయి. నలభై రెండు దగ్గర ఆ వేళ్ళు చల్లబడ్డాయి.

వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు. తెంబో తీగ కోసి, గాయం కడిగి, కుట్లు వేసి, విరుగుడు సూది ఇచ్చేదాకా ముప్పావుగంట అలాగే పట్టుకుని కూర్చుంది.

రెండు రోజులు నాతో ఏమీ మాట్లాడలేదు. వండింది, వడ్డించింది, బట్టలు ఉతుక్కుంది. నేనే అంతా చెప్పుకున్నాను. ఎర దగ్గర నుంచి మడుగులో నీడ దాకా, నీడ నుంచి పెట్టె అడుగున పెట్టిన మీట దాకా. రెండు వారాల సంగతి చెప్పేటప్పుడు మాత్రం తన ముఖంలోకి చూడలేకపోయాను. పోగులు ఎండిపోయాయని తనకు అప్పటికే తెలుసు. మెడ ఎముక కింద ఆ చోటు మొద్దుబారి వారమైందట. చివరికి కడుగుతున్న గిన్నె పక్కన పెట్టి అంది.

"నువ్వు అడుగుతె నేనియ్యనా అక్కా?"

అదే నా రోగం. అడిగితే ఇచ్చేది. నవ్వుతూ, సర్వపిండి ముక్క తుంచి ఇచ్చినట్టు ఇచ్చేది. తన చేతిలోంచి తీసుకోవడమే నాకు చేతకాదు. అడగకుండా తీసుకున్నదే నాదనిపించింది. ఇది పైకి అనలేదు, ఏడ్చాను. ఈసారి ఎందుకు ఏడుస్తున్నానో నాకు బాగా తెలుసు.

మీట తెచ్చి తన చేతిలో పెట్టి, నొక్కెయ్యమన్నాను. నాకు ఇక వద్దన్నాను. మంజీర దాన్ని కొంచెంసేపు అటూ ఇటూ తిప్పి చూసి మేజా మీద పెట్టింది. నొక్కితే దొరసాని ఎక్కడుందో ఇక ఎవరికీ తెలియదని, ఉరితీగలు పన్నేవాళ్ళు ఏరు అవతలే ఉన్నారని చెప్పింది. నీ కోసం కాదు, దాని కోసం ఉంచుకో అంది. నాలుగు రోజుల తర్వాత సంగారెడ్డికి టిక్కెట్టు కొనుక్కుంది, తర్వాత తనే రద్దు చేసుకుంది.

దొరసాని బతికింది. ముందు కుడికాలు ఈడుస్తూ నడుస్తుంది, ఎత్తయిన కొమ్మలు ఎక్కలేదు. ఇంకో అరగంట ముందు చేరి ఉంటే కాలు నిలిచేదని తెంబో ఎవరి వైపూ చూడకుండా అంది. నా కుడి మణికట్టు పొద్దున పూట ముడుచుకుపోయి ఉంటుంది. పెన్ను పట్టుకోవడం కష్టం.

ఇప్పుడు నియమం ప్రకారం ఆరింటికి నాడి చూడవలసింది నాది. చూసేది మంజీర. మొదటి వారం కుర్చీ దూరంగా వేసుకుని, గడియారం మీదే కళ్ళు పెట్టి లెక్కపెట్టి వెళ్ళిపోయేది. ఒకరోజు అంకె రాసుకుని లేవబోతూ నావైపు చూసింది. నా మెడ ఎముక కింద, చర్మం కొంచెం ఉబ్బినట్టుండే చోటు వైపు. ఆ చూపు నాకు కొత్త కాదు. ముప్ఫై ఆరేళ్ళు నేనే వేసుకు తిరిగాను దాన్ని. సైకిలు మీద వెళ్ళిపోతున్న పిల్ల వీపు వైపు, పక్కగదిలో వీణ వైపు, రోజూ ఆరింటికి ఆ మణికట్టు వైపు. మంజీర ముఖంలో అది ఒక్కసారైనా చూడాలని నేను జీవితమంతా కోరుకున్నాను. చూశాను. చూసిన కంటికి ఏ సుఖమూ కలగలేదు. ఆ చక్కని ముఖం మీద అది ఒకరి బట్టలు ఇంకొకరికి తొడిగినట్టు ఉంది.

ఆ మర్నాటి నుంచి కుర్చీ దగ్గరకు జరిపింది. నిమిషం అయ్యాక కూడా చెయ్యి వదలకుండా కళ్ళు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

ఇవాళ పొద్దున అలా కూర్చునే సన్నగా నవ్వింది.

"తిన్నదక్కా. కడుపు నిండున్నది. గిప్పుడు కాలు నాకుకుంటున్నది."

నాకు తెలియదు. లోపల గుండె ఉంది, తోక ఉంది, దిక్కు ఉంది, ఒంటి మీదికి ఎండ తగులుతోంది. కడుపు నిండిందో లేదో నాకు ఎప్పుడూ తెలియలేదు. మంజీరకు పోగులు లేవు, తన బిళ్ళ చచ్చిపోయింది, అయినా బయటనుంచి మూడు వేళ్ళతో తడిమి, నా ఒంట్లో ఉన్న చిరుతను నాకంటే బాగా చదువుతోంది. ఒళ్ళు భగ్గుమంది. ఏం చేసినా, ఎంత దొంగిలించినా, ఇది తేరగా వచ్చే మనిషికే వస్తుంది.

అప్పుడు మంజీర నా కుడిచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ముడుచుకుపోయిన మణికట్టును బొటనవేలితో మెల్లగా, పసిపిల్ల కాలు పిసికినట్టు పిసకడం మొదలుపెట్టింది. ఇటుకబట్టీ దగ్గర పట్టుకున్న తర్వాత నన్ను అలా ముట్టుకోవడం ఇదే. చిన్నప్పుడు కూడా ఎవరూ నా చెయ్యి అంత ప్రేమగా పట్టుకోలేదు. ఏటి గట్టున దొరసాని ఊపిరి వదిలి తల వాల్చింది, నాకు తెలిసింది.

మంజీర కళ్ళు మూసుకునే ఉంది. పెదవులు కదులుతున్నాయి, ఏదో ముద్దుగా చెబుతోంది. నాతో కాదు.

నిమిషం ఎప్పుడో అయిపోయింది. నేను చెప్పలేదు. నా చెయ్యి నా చెల్లెలి ఒళ్ళో ఉంది, దాన్ని చూసి నేనే కుళ్ళుకుంటూ కూర్చున్నాను.